ఒక్క పెట్టె రైలు ఆగే చోటు

మా పక్కింటి అంకుల్ పోయారు. ఆ శనివారం పొద్దున నేను షూ లేసులు కట్టుకుంటుంటే ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ లేస్తలేరు బిడ్డా, జర జల్ది రా" అన్నారు. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

దేశంకాని దేశంలో, మా ఎడిసన్ ఊళ్ళో ఆయన అందరికీ వరంగల్ నుంచి వచ్చిన రిటైర్డ్ ఇంజనీరు. నాకు మాత్రం శనివారాలు కొండలెక్కే తోడు. పెళ్ళయిన కొత్తలో ఆంటీని ఊళ్ళోనే ఉంచి, కంపెనీ పనిమీద రెండేళ్ళు జపాన్‌లో ఉన్నారు. సెలవొస్తే ఒక్క పెట్టె రైలెక్కి ఓ పల్లె స్టేషన్‌లో దిగేవారట. అక్కడ టికెట్ అడిగే మనిషైనా ఉండడు. ఒక చెక్క బెంచీ, నీళ్ళ కుళాయి. ప్లాట్‌ఫారం చివర మెట్లు దిగితే దేవదారు అడవి. కొండెక్కేవాళ్ళ కోసం గోడకు చేతికర్రలు ఆనించి ఉండేవి. దిగి వచ్చాక ఎవరి కర్ర వాళ్ళు అక్కడే పెట్టేయాలి.

ఒకసారి ఈయన మరిచిపోయి కర్రతోనే రైలెక్కి గదికి వచ్చేశారు. కర్ర ఒకటి తగ్గిందంటే ఎవరో కొండమీదే చిక్కుకుపోయారని ఊరివాళ్ళంతా టార్చిలైట్లు పట్టుకుని కొండంతా గాలించారట. మళ్ళీ వారం వెళ్ళాక గానీ ఆయనకు తెలియలేదు.

"తిడతరనుకున్న బిడ్డా. ఓ ముసలమ్మ నా రెండు చేతులు పట్టుకొని ఏడ్సింది, బతికే ఉన్నవని. పరాయి దేశంల మనకోసం ఎతికెటోళ్ళు ఎవరుంటరు?"

ఈ కథ ఎన్నిసార్లు విన్నానో! "ఆ ముచ్చట శురువైతే అన్నం సల్లారిపోతది" అని ఆంటీ విసుక్కునేవారు.

ఇక్కడ కూడా ఆయన కారెక్కనిచ్చేవారు కాదు. "కొండకు కార్ల పోతే, తలుపు కొట్టకుండ సుట్టాలింట్ల జొరవడ్డట్టే. రైలు దిగి పోవాలె. స్టేషనే దానికి దర్వాజ" అనేవారు. అందుకే ట్రెయిన్ మారి మారి ఏదో చిన్న స్టేషన్‌లో దిగి, సర్వపిండి తుంచుకు తింటూ నడిచేవాళ్ళం.

చనిపోయేలోగా ఆ జపాన్ స్టేషన్‌ను ఆంటీకీ నాకూ చూపించాలని ఆయన కోరిక. ఆంటీకి మోకాళ్ళ నొప్పులు. నాకేమో వీసా భయం, దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని. "నీ వీసా స్టాంపింగ్ అయ్యేసరికి ఆ కొండ అరిగిపోతది" అని ఏడిపించేవారు. ఒక్కరే వెళ్ళిరండి అంటే, "ఒక్కణ్ణే పోయి ఎవరికి సూపియ్యాలె?" అనేవారు. తోడు వెళ్ళలేకపోయాను, అంతే.

పోయిన వారం ఓక్ ట్రీ రోడ్‌లో కూరగాయలు కొని కారులో కూర్చోగానే వీడియో కాల్ వచ్చింది. ఆంటీ! వేరే ఊళ్ళో ఉండే కొడుకును వెంటబెట్టుకుని ఆ జపాన్ స్టేషన్‌కు వెళ్ళారు.

"ఈడ ఏం లేదు బిడ్డా. ఉత్త కొండనే ఉన్నది" అన్నారు.

మెల్లగా, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. ఫోన్ అడవివైపు తిప్పారు. నాతో కాదు, చెట్లవైపు చూసి అన్నారు:

"ఇగో... నేనొచ్చిన. యాడున్నరు?"

ఫోన్ మళ్ళీ తనవైపు తిప్పుకోలేదు. తెరమీద చెట్ల మధ్యకు పోయే దారి చాలాసేపు అలాగే ఉండిపోయింది.