శౌరయ్య మాస్టారి దడి

కౌన్సిల్ పేరెత్తితే శౌరయ్య మాస్టారికి ఒళ్ళు మండిపోయేది. బాపట్లలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరై, విదేశంలో, సన్నీబ్యాంక్‌ అనే చోట నర్సుగా పనిచేస్తున్న కూతురు ప్రిస్సిల్లా దగ్గరికి భార్య అమృతంతో కలిసి చేరాడాయన. ఇంటి వెనక వాగు ఒడ్డున ఎవరిదీ కాని, అందరిదీ అయిన బీడు ఒకటుంది. నాలుగేళ్ళుగా అందులో గోంగూర వేస్తున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక ఆ కట్టలు తెలుగువాళ్ళ ఇళ్ళకు చేరేవి. ఊరుగాని ఊళ్ళో ఆయనను 'మాస్టారూ' అని వెతుక్కుంటూ వచ్చేది ఆ గోంగూర కోసమే.

1989లో కౌన్సిల్ వాళ్ళు అక్కడ బోర్డు పాతారు. చుట్టూ కంచె వేసి పార్కు చేస్తారట, మొక్కలు పెంచకూడదట.

"నా గోంగూర పీకడానికి వీళ్ళెవరు?" అని చిందులు తొక్కాడు. రెండు రోజులు పాత నిఘంటువు తిరగేసి ఒక క్రియాపదం పట్టుకున్నాడు. ఇంపార్క్. పూర్వం ఇంగ్లండు దొరలు ఊరందరి మేత బీళ్ళకు, అంటే 'కామన్'లకు, కంచె వేసి తమ పార్కుల్లో కలిపేసుకునేవారు. ఆ పాపానికి పేరది. ఇప్పుడెవరూ వాడరు. అయితేనేం, కౌన్సిల్ నోరు మూయించడానికి చాలనుకున్నాడు.

కౌన్సిల్ మీటింగులో లేచి గర్జించాడు. "యూ ఆర్ ఇంపార్కింగ్ అవర్ కామన్!"

కౌన్సిల్ ఆఫీసరమ్మ ఓ ఫొటో పైకెత్తింది. కోళ్ళ వల, తుమ్మ కంప, తాళం వేసిన తలుపు. "ఈ కంచె ఎవరిదండీ?"

అది మాస్టారి దడే. బాపట్లలో దడి కట్టాకే విత్తనం చల్లుతారు, లేకపోతే మేకలు మిగల్చవు. ఇక్కడ మేకల్లేవన్న సంగతి నాలుగేళ్ళయినా ఆయనకు తట్టలేదు.

వెనక వరసలోంచి పక్కింటి ముసలావిడ డోరీన్ లేచింది. "వాగుకు నా దారి అదే. తలుపు తియ్యమంటే కసిరాడు. కంప్లయింటు పెట్టింది నేనే."

హాలంతా నవ్వింది. బయటికొచ్చాక అమృతం నిలదీసింది. "ఆవిడ అడిగినప్పుడు తలుపు తీస్తే మీ సొమ్మేం పోయేదండీ?"

"నాన్నా, ప్లీజ్, లెట్స్ గో," అంది ప్రిస్సిల్లా, మొహం తిప్పుకుని.

శనివారం మాస్టారు వెళ్ళి వల కత్తిరించాడు. అవతల కౌన్సిల్ మనుషులు ఇనుప స్తంభాలు దించుతున్నారు. డోరీన్ కుక్కతో వచ్చింది. ఆయనకేసి కన్నెత్తయినా చూడలేదు. గోంగూర మడిలోంచే తొక్కుకుంటూ తిన్నగా వాగుకు నడిచింది. ఆయనకు అరవాలనిపించింది. ఏ ముఖం పెట్టుకుని అరుస్తాడు?