పాపకి బాప్తిస్మం కాలేదన్నాను

ఈ బరువు మీకు చెబితే దిగిపోతుందని అనుకోవడం లేదు. అయినా చెబుతున్నాను. చర్చిలో ఎవరికీ చెప్పలేదు. మా అక్కకీ చెప్పలేదు. మోకాళ్ల మీద ఉండి దేవుడికి చెప్పబోతాను. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మరో ప్రార్థనలోకి జారిపోతాను. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీతో అంటున్నాను.

మాది భీమవరం పక్కన పల్లె. హిందీ టీచరుగా చేసి రిటైరయ్యాను. కరోనాకి ముందు మా ఊరి చివర రొయ్యల షెడ్డు వచ్చింది. రొయ్యలు ఒలిచే పనికి ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి మనుషులు దిగారు. మా వీధిలో అద్దె గదులన్నీ వాళ్లతో నిండిపోయాయి. సాయంత్రమైతే ఆవనూనె వాసన, ఫోన్లలో వాళ్ల పాటలు. ఊళ్లో ఎవరికీ అర్థం కాని ఆ మాటలు నాకు సగమైనా తెలిసేవి. అయినా అందరికంటే ఎక్కువ విసుక్కున్నది నేనే. "మన ఊళ్లో మనమే కొత్తవాళ్లమైపోతున్నామండి," అని కనిపించిన ప్రతివాళ్లతోనూ అనేదాన్ని. మా అక్క ఏళ్ల తరబడి కువైట్‌లో ఎవరింట్లోనో వంట చేసింది. ఆ కష్టంతోనే నేను చదువుకున్నాను. ఆ మాట అంటున్నప్పుడు అక్క నాకెందుకు గుర్తు రాలేదు? గుర్తొచ్చినా పక్కకు నెట్టేశానా?

షెడ్డులో పనిచేసే సలోమి, మార్కుస్ అనే భార్యాభర్తలు మా చర్చికే వచ్చేవారు. ఏడాది నిండని పాప. పేరు ఆశ. సలోమి నన్ను దీదీ అనేది. ఒక ఆదివారం పాస్టరుగారు వాళ్లని వాళ్ల భాషలో ఒక పాట పాడమన్నారు. సలోమి పాపని నా పక్కన బెంచీ మీద పడుకోబెట్టి ముందుకు వెళ్లింది. నేను లేచి వెనక వరసలో కూర్చున్నాను.

ఆ వర్షాకాలం పాపకి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. దక్కలేదు.

పాస్టరుగారికి హిందీ రాదు. నన్ను పిలిపించారు. "టీచరుగారూ, మీరొక్కసారి వెళ్లి కనుక్కోండమ్మా. పాపకి వాళ్ల ఊళ్లో బాప్తిస్మం అయిందా? అయిందంటే చాలు, పెద్దలకి నేను చెప్పుకుంటాను. మన సమాధుల తోటలోనే పెడదాం," అన్నారు.

వెళ్లాను. సలోమి పాపని ఒళ్లోంచి దించలేదు. అడిగాను.

"అయింది దీదీ. మా ఊరి చర్చిలో. మా అమ్మే ఎత్తుకుంది," అంది హిందీలో. "దాన్ని ఎక్కడో ఒంటరిగా పెట్టనివ్వకండి. మీరు చెబితే వింటారు."

తిరిగి వచ్చే దారిలోనే సమాధుల తోట. చుట్టూ రొయ్యల చెరువులు. లోపల ఖాళీ దాదాపు లేదు. ఉన్న కాస్త చోటూ మా ఆయన సమాధి పక్కన. అది నాదేనని అనుకుంటూ వచ్చాను. ఆ గోడ దగ్గర ఆగాను. చోటు కోసమే చేశానా? అదే నిజమైతే కొంత నయం. కానీ నాకు అక్కడ అనిపించింది వేరు. బిడ్డని పాతిన ఊరు వదిలి ఎవరు వెళతారు, ఈ పాపకి ఇక్కడ చోటిస్తే ఇక వీళ్లు కదలరు, ఈ ఊరు వీళ్లది కూడా అయిపోతుంది అనిపించింది. చచ్చిపోయిన పసిపిల్లని చూసి వస్తూ, దారిలో, నా మనసుకి తోచింది ఇదీ.

"కాలేదంటున్నారండి," అన్నాను పాస్టరుగారితో.

"పోనీ, అయినా పెద్దల్ని అడిగి చూడనా?" అన్నారాయన.

అప్పుడైనా దిద్దుకోవచ్చు. ఆయనే దారి చూపించారు. "వద్దండి, కాలవ గట్టున పెట్టుకుంటామని వాళ్లే అంటున్నారు," అన్నాను.

సలోమి దగ్గరికి వెళ్లి, పాస్టరుగారు ఒప్పుకోలేదని చెప్పాను. చాలా బతిమాలానని కూడా చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరైనా మా కోసం అడిగారు దీదీ," అంది.

వానలోనే మార్కుస్ గొయ్యి తవ్వాడు. పాస్టరుగారు గొడుగేసుకుని వచ్చి ప్రార్థన చేశారు. ఆయన ఓదార్చబోతే సలోమి మొహం తిప్పుకుంది. దుఃఖమనుకున్నారాయన. కోపమని నాకొక్కదానికే తెలుసు. నాకు తగలాల్సిన కోపం ఆయనకి తగులుతుంటే పక్కన నిలబడి చూశాను.

మళ్లీ వాళ్లు చర్చికి రాలేదు. సలోమి మాత్రం నా దగ్గరికి వస్తుండేది. వాకిట్లో కూర్చుని పాప గురించి మాట్లాడేది. నేను టీ ఇచ్చేదాన్ని. ఆ టీ ఆమె ఎలా తాగిందో, నేను ఎలా ఇచ్చానో!

లాక్‌డౌన్‌లో వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు. సలోమి నంబరు చాలాకాలం నా ఫోన్‌లో ఉంది. ధైర్యం తెచ్చుకుని చేసేసరికి ఎవరో మగమనిషి ఎత్తాడు. సలోమి ఎవరో తెలియదన్నాడు. తరువాత రోడ్డు కోసం కాలవ గట్టు తవ్వి వెడల్పు చేశారు. పాప ఉన్న చోటు ఇప్పుడు నేను చూపించమన్నా చూపించలేను. పాస్టరుగారు కూడా పోయారు. మంచం పట్టినప్పుడు చూడ్డానికి వెళితే, "ఆ పిల్లలు చర్చికి రావడం ఎందుకు మానేశారో నాకు అర్థమే కాలేదమ్మా," అన్నారు. ఆయన దిండు సర్ది వచ్చేశాను.

క్షమించమని ఎవరిని అడగను? అడగదగ్గ వాళ్లెవరూ నాకు అందే దూరంలో లేరు. మిమ్మల్ని అడగడం లేదు. జరిగినది మాత్రం ఒక్కసారైనా ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఆశకి బాప్తిస్మం అయింది. పాస్టరుగారు చోటిస్తానన్నారు. ఇద్దరికీ అబద్ధం చెప్పింది నేను.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.