ఏతానికి కట్టిన ఇసుర్రాయి

యాంత్రిక శక్తి నిత్యత్వం అనే పాఠం వచ్చిన ప్రతి ఏడూ నాకు పుస్తకం మీద కోపమొస్తుంది. గుట్టలెక్కి దిగే ఆటరైలు బొమ్మ ఒకటి వేసి, పైనున్నప్పుడు స్థితిశక్తి, కిందికి దూకేటప్పుడు గతిశక్తి, రెండూ కలిపితే ఎప్పుడూ అంతే అని రాస్తారు. మిర్యాలగూడలో నా తొమ్మిదో తరగతి పిల్లల్లో ఒక్కరూ ఆ రైలెక్కి ఎరుగరు. నేనూ ఎక్కలేదు. అందుకని ఆ బొమ్మ పక్కన పెట్టి మా తాత కాటయ్య సంగతి చెబుతాను. అయితే పిల్లలకు సగమే చెబుతాను. మిగతా సగం చెప్పడానికి నాకు నోరు రాదు.

తాతది సూర్యాపేట పక్కన, ఆత్మకూరు దాటాక ఒక పల్లె. ఏతం తొక్కడం ఆయన పని. బావి గట్టున రెండు గుంజలు పాతి, వాటి నడుమ ఇరుసు మీద పొడుగాటి మాను అడ్డంగా వేస్తే అది ఏతం. బావివైపు కొసకు ఒక గడ, గడకు నీళ్లు తోడే బాన. మనిషి మాను మీద బావివైపు నడిస్తే బాన దిగి మునుగుతుంది. వెనక్కి మళ్లి తోకవైపు నడిస్తే ఆయన బరువుకు తోక దిగి, నీళ్ల బాన పైకి లేస్తుంది. గట్టు మీద ఇంకొకరు నిలబడి దాన్ని కాలువలోకి వంచుతారు. తాత తొక్కేవాడు, మా అమ్మమ్మ పెంటమ్మ వంచేది.

చూడ్డానికి ఉయ్యాలలా ఉంటుంది గానీ, మాను మీద ఎటు నడిచినా ఎక్కుడే. దిగడం మాను పని, ఎక్కడం మనిషి పని. ఎక్కినకొద్దీ తాత ఒంట్లో స్థితిశక్తి చేరేది. తోక దిగుతుంటే అది గతిశక్తి అయి, చివరికి బానలో నీళ్లకు ఎత్తుగా మారేది. ఆ నీళ్లు కాలువలో పడి పరుగెత్తితే మళ్లీ గతిశక్తి. ఇరుసు కిర్రుమన్నప్పుడు కొంత వేడికీ చప్పుడుకీ పోయేది. కొత్తగా పుట్టిందేమీ లేదు, చేతులు మారడమే. ఇక్కడిదాకా పిల్లలకు బాగా నచ్చుతుంది. "మరి తాతకు ఎక్కే శక్తి యాడికెల్లి వస్తది టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. జొన్నరవ్వతో కాచిన గటక అంటాను. గొల్లున నవ్వుతారు. నేనూ నవ్వి పాఠం ముగిస్తాను.

ఇంక రెండో సగం.

పోలీసు చర్యకు ముందటి ఎండకాలం అది. దొర పట్నం పారిపోతే సంఘం వాళ్లు భూమి పంచారు. తాతకు బావి పక్కన అరెకరం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన మడికి తాను నీళ్లు పెట్టుకుంటున్నాడు. వరి పొట్టకొచ్చింది. అమ్మమ్మకూ నెలలు నిండుతున్నాయి, తొలిచూలు. అట్లాంటి రోజుల్లో రజాకార్లు ఊరిమీద పడి, గుమ్ముల్లో గింజలన్నీ బండ్లకెత్తుకుపోయారు. మా ఇంట్లో ఇసుర్రాయి ఒక్కటే మిగిలింది. బరువని వదిలేసినట్టున్నారు, మహానుభావులు.

అమ్మమ్మ వాళ్లన్న ఈదయ్య కోదాడ నుంచి డొంకదారుల్లో దాక్కుంటూ వచ్చి, ఒక మూట జొన్నలు దింపాడు.

"చెల్లే, నా దగ్గర ఇంతకు మించి లేవమ్మా. వరి చేతికొచ్చేదాకా వీటితోనే సర్దుకోండి," అన్నాడు.

ఆ ఇంట్లో ఉన్న శక్తి మొత్తం ఆ మూటే. తాత ఎక్కాలన్నా, నీళ్లు లేవాలన్నా, లోపల బిడ్డ పెరగాలన్నా అందులోంచే రావాలి. రెక్కాడితే గానీ డొక్కాడదు అంటారు మనవాళ్లు. డొక్కాడితే గానీ రెక్కాడదు అని కూడా అనాలి.

ఎండ ముదిరింది. బావిలో నీరు అడుక్కు పోయింది. అంటే ప్రతి బానా మునుపటికన్నా ఎక్కువ ఎత్తు లేవాలి. అదే సమయానికి తాత ఒళ్లు కరిగిపోయింది. ఒకరోజు తోక చివరిదాకా ఎక్కి నిలబడితే మాను కదల్లేదు. నీళ్ల బాన బావిలోనే ఉంది, మా తాత గాల్లో ఉన్నాడు. ఎగిరి తొక్కాడు, అయినా కదల్లేదు. మనిషి బరువు బానకు చాల్లేదు.

"దిగు, ఇగ సగమే ముంచుదాం," అంది అమ్మమ్మ.

సగం బానలతో మడి తడవలేదు. ఎన్నులు పాలు పోసుకునే అదును. నీళ్లు అందకపోతే తాలు తప్ప గింజ ఉండదు. గట్టు వారనున్న వరి వరుసల కొసలు ఎర్రబడుతుంటే తాత వాటి ముందర కూర్చుని తల పట్టుకునేవాడు. చేయడానికి ఏమీ లేదు. పక్కవాళ్లను పిలుద్దామంటే వాళ్లూ తనలాగే తిండి లేక బొక్కల గూళ్లు.

అప్పుడు ఆయనకు ఇసుర్రాయి గుర్తొచ్చింది. ఉన్న గుప్పెడు జొన్నలు రోట్లోనే దంచుకుంటున్న ఇంట్లో అది ఊరికే పడి ఉంది. పై రాయి మధ్య చిల్లులోంచి తాడు దూర్చి మాను తోకకు బిగించి కట్టాడు.

"నా బరువు తక్కువైంది గద. కొంచెం ఇది మోస్తది," అన్నాడు.

మొదటి బాన నిండుగా లేచింది. తాత మొహం వెలిగిపోయిందట. కానీ ముందుకు నడిస్తే ఖాళీ బాన దిగనంటుంది! ఇప్పుడు రాయి కూడా పైకి లేవాలి కదా. మాను ముందు కొసదాకా పాకి, గడ పట్టుకుని వేలాడితే గానీ బాన మునగలేదు. రాయి దిగేటప్పుడు ఎంత ఇచ్చిందో, లేచేటప్పుడు అంతా లాగేసుకుంది. వెనకాల మోయాల్సింది ముందర మోశాడు, అంతే. రాయికి సొంతంగా బలం ఎక్కడిది? అది గటక తాగదు కదా.

అయినా కొన్నాళ్లకు పని సులువైంది. కాళ్ల వణుకు తగ్గింది, ఆగకుండా ఎక్కుతున్నాడు, మడి తడుస్తోంది. ఇదంతా రాయి మహిమే అనుకున్నాడు తాత. దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, పొద్దున్నే మొక్కి మాను ఎక్కేవాడు. అది చూసి పక్క మడి లచ్చయ్య కూడా తన ఏతానికి ఇసుర్రాయి కట్టుకున్నాడు. వీసమంత ఒరగలేదు.

"నీ రాయి మంచిది కాదు లచ్చయ్యా," అన్నాడట మా తాత, పెద్ద తెలిసినట్టు.

గట్టు మీద అమ్మమ్మ బాన వంచి, మళ్లీ బాన వచ్చేలోగా కూలబడేది. నిండు మనిషి, అలసట ఉంటుందిలే అనుకున్నాడు తాత. పగటిపూట గటక ముంత తెచ్చి ఆయన ముందర పెట్టేది.

"నువ్వు తాగినవా?"

"ఇంటికాడనే తాగొచ్చిన. నువ్వు తాగు."

వరి రంగు తిరిగింది. కోత దగ్గరపడిన ఒక పొద్దున నొప్పులొచ్చాయి. మంత్రసాని సాయమ్మ వచ్చింది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత పిల్ల. ఏడవడానికి కూడా ఓపిక లేక, నోరు తెరిచి మూసింది. మధ్యాహ్నం దాకా బతికి, ప్రాణం విడిచింది.

సాయమ్మ బయటికొచ్చి తాత మీద విరుచుకుపడింది. "తల్లి కడుపుల ఏమన్న పడితె గద, బిడ్డకు అందేది! దీనికి బువ్వ పెట్టక ఎన్నాళ్లయింది కాటయ్యా?"

"గదేందవ్వా? నాతోని సమానంగనే తాగుతున్నది. ఇంటికాడనే తాగొస్తున్ననంటది," అన్నాడు.

ఇద్దరికి పోయాల్సిన గటక ఒక్క ముంతలోకి ఎప్పటినుంచి వస్తోందో ఆ మాట అంటుంటేనే ఆయనకు తెలిసింది. లోపలికి పోయాడు. అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఎందుకు చేసినవే?"

ఇటు తిరక్కుండానే జవాబిచ్చింది. "పంట ఎండితె ముగ్గురం పోయేటోళ్లం. నువ్వు తొక్కకుంటె నీళ్లు ఎట్ల ఎక్కుతయి?"

ఇది గుర్తొచ్చినప్పుడల్లా నేను గింజలెత్తుకుపోయిన వాళ్లను తిడతాను, తిట్లు అయిపోతాయి గానీ కడుపుమంట చల్లారదు. అమ్మమ్మను మాత్రం తప్పుపట్టలేను. నీళ్లు లేవాలంటే శక్తి ఎక్కడినుంచో రావాలి. ఆ ఇంట్లో ఇంకెక్కడా లేదు.

వారం తిరక్కముందే వరి కోశారు. గింజ గట్టిపడింది, తాలు తక్కువే. అమ్మమ్మ వడ్లు దంచి అన్నం వండింది. బాలింతవు, వద్దే అని సాయమ్మ అంటే వినలేదు. ఆకులో వేడి అన్నం పెట్టి తాత ముందర జరిపింది. ఆయన ఒక ముద్ద కలిపాడు, నోటిదాకా తెచ్చాడు, మళ్లీ ఆకులోకి వదిలేశాడు. ఇట్లా మూడుసార్లు చేసి లేవబోతే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"తిను. ఇది నా బిడ్డ బువ్వ. మెతుకు పారేస్తె ఊకోను."

తాత ఏడుస్తూ తిన్నాడు. ఆకు ఖాళీ అయ్యేదాకా అమ్మమ్మ ఆ చెయ్యి వదల్లేదు.