మిగిలిపోయిన వాషరు

మా బస్సుల మీద ఇంకా మైసూరు రాష్ట్రం పేరే ఉన్న రోజులు. బీదరులో మంగళగి పోయే బస్సెక్కాను, నేను దిగేది దారిలోనే. పక్కన కూర్చున్నాయన గుప్పిట తెరవడం, మూయడం, కిటికీలోంచి తొంగిచూడడం తప్ప మరో పని చేయలేదు. గుప్పిట్లో ఒక ఇనుప వాషరు ఉంది.

"ఏం పరేషాన్ అన్నా?" అన్నాను.

ఎండాకాలమంతా ట్రాక్టరుతో పొలాలు దున్నుతాడట. చలికాలం ఆ పని ఉండదు కాబట్టి మూలపడ్డ ట్రాక్టర్లు విప్పి బాగుచేస్తాడట.

"విప్పిన సామానంత వరుసగ దుప్పటి మీద పెడ్త. మొన్న షెడ్డుల పండుకున్న. చలికి ఆగలేక గా దుప్పటే గుంజి కప్పుకున్న. అంత కలిసిపాయె. మల్ల బిగించినంక ఇదొక్కటి మిగిలింది."

"బండి నడుస్తలేదా?"

"మంచిగ నడుస్తుంది. గందుకే మంగళగి పటేలు సంబరంగ తోలుకపోయిండు. ఇయ్యాల చెరుకు లోడు ఏస్తడు. ఇది బ్రేకుదైతే?"

దారిలో బస్సు టైరు పంక్చరైంది. "జర పట్టు" అని వాషరు నా చేతిలో పెట్టి, మఫ్లరు చుట్టుకుంటూ దిగాడు. అంతలో అటే పోతున్న లారీ కనబడగానే చెయ్యెత్తి ఆపి, ఎగిరి ఎక్కేశాడు. నేను కేకేసేసరికి దుమ్మే మిగిలింది.

టైరు మార్చినంతసేపూ నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. బస్సు కదిలింది. నేను దిగాల్సిన ఊరు వచ్చింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు.

"మంగళగికి టికెట్టియ్యి" అన్నాను, గుప్పిట తెరవకుండానే.