గ్లాసుడు బియ్యం

బియ్యం ఘనపదార్థమైతే, డబ్బాలో పోయగానే డబ్బా ఆకారంలోకి ఎందుకు వస్తాయి?

పోసిన పాత్ర ఆకారం పొందేది ద్రవమని ఏడో తరగతిలో సైన్సు మాస్టారు చెప్పినప్పుడు నేనడిగిన ప్రశ్న ఇది. ఆయన జవాబు మన క్లాసులో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. "అయితే ఇంటికెళ్లి గ్లాసుతో బియ్యం తాగవే." పదో తరగతి దాకా మీరంతా "బియ్యం తాగావా?" అని ఏడిపిస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ఏ క్లాసులోనూ నేను చెయ్యెత్తలేదు, కాలేజీలో కూడా.

మొన్న ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో సోనా మసూరి బస్తా డబ్బాలోకి వంపుతుంటే, ఆ జలజల చప్పుడుకి పాత కసంతా పైకొచ్చింది. ఇక్కడే ఉంటున్న తన కూతురి దగ్గరికొచ్చిన అదే మాస్టారు ఆ మధ్యాహ్నం ఆమెతో కలిసి మా ఇంటికి భోజనానికి వస్తున్నారు మరి. ఆయన కంచం పక్కన స్టీలు గ్లాసు నిండా బియ్యం పోసి పెట్టాను.

"తాగండి మాస్టారూ."

ఆయన గ్లాసెత్తారు. గింజలు పెదాలకు తగిలాక ఆగి, నా వైపే చూశారు.

"మజ్జిగ కాదమ్మా ఇది."

"సారీ అక్కా, నాన్నకి చూపు సరిగా ఆనట్లేదు" అంటూ కూతురు ఆయన చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టింది.

ఆయన కనపడక ఎత్తారో, అన్నీ గుర్తుండే ఎత్తారో తెలియదు. నా కసి తీరినట్టో కాదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.