అత్తగారి గుండ్ల దండ

తొంభైల చివర్లో మా అత్తగారు పోయాక, ఆవిడ బంగారు గుండ్ల దండ కోసం నా భార్యకూ వాళ్ళ అక్కకూ మాటలు ఆగిపోయాయి. కూతుళ్ళు ఇద్దరు, దండ ఒక్కటే. ఏడాదికి పైగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. నేను రోజూ డైరీ రాసేవాణ్ణి. ఆ ఏడాది పండుగ రోజుల పుటలన్నిటిలోనూ "వదిన రాలేదు" అనే ఉంది. ఎంత బతిమాలినా రెండు మనసుల్లో ఒక్కటీ కరగలేదు. చివరికి దండనే కరిగించి చెరి సగం తీసుకోవడానికి ఒప్పుకున్నారు.

నగర్తపేటలో మా కంసాలిది ఇరుకైన అంగడి. పాత నగ కరిగిస్తున్నంతసేపూ సొంతదారులు ఎదుటే కూర్చుని చూడాలని ఆయన పట్టు. తరువాత మాట రాకూడదు కదా. కుంపటి ముందు ఉన్నది ఒకటే బెంచీ. అక్కాచెల్లెళ్ళ నడుమ నేను ఇరుక్కున్నాను.

"మీ వదినను కొంచెం జరగమనండి. నాకేమీ కనపడలా," అంది నా భార్య.

"కండ్లద్దాలు తుడుచుకోమని చెప్పప్పా నీ పెండ్లానికి," అంది వదిన.

కంసాలి ముందుగా ఒక్క గుండును తీసి సెగకు పట్టాడు. బంగారం ఇంకా మెత్తబడనే లేదు, గుండు బెజ్జంలోంచి నల్లటి జిగురు బుడబుడమంటూ కారింది. అంగడి నిండా ఘాటు పొగ.

"లోపలంతా లక్కే ఉండాదమ్మా. బంగారం పైన రేకు మాత్రమే," అన్నాడాయన.

ఇద్దరూ నోళ్ళు తెరిచారు. అది గట్టి బంగారమని అత్తగారు బతికినన్నాళ్ళూ పేటంతా చెప్పుకున్నారు.

వదిన నన్ను దాటి ముందుకు వంగింది. "ఏమే, బరువుకు మెడ పీకతా ఉండాదని నీచేత నూనె రాయించుకుంటా ఉండె గదే అమ్మ!"

ఏడాది తరువాత చెల్లెలితో ఆమె అన్న మొదటి మాట అది.

"ప్రతి పెండ్లికీ రాసినా కదక్కా! లక్కకు!" నా భార్య పగలబడి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

నేను లేచాను. ఇద్దరూ దగ్గరికి జరిగారు.

"మిగిలినవీ కరిగించేదా అమ్మా?" అన్నాడు కంసాలి.

"వద్దప్పా. చెల్లెలికే ఇచ్చెయ్."

"నాకెందుకు? పెద్దదానివి, నువ్వే పెట్టుకో."

"నువ్వు పెట్టుకుంటే నాకేమే నొప్పి?"

"ఎవురో ఒకరు చెయ్యి చాపండమ్మా, బొగ్గులు ఆరిపోతా ఉండాయి."

బయటికొచ్చి ఆటో పిలిచాను. వాళ్ళిద్దరూ ఎక్కాక నేనూ కాలు పెట్టబోతే వదిన అడ్డం పడింది.

"మేమిద్దరం మాట్లాడుకోవల్ల. నువ్వు బస్సులో రాప్పా."