మామీ అన్న పిలుపు

మారిసోల్ పేరు వింటేనే రత్నకుమారికి ఒళ్లు మండేది. పాపం, ఆ మనిషి చేసిన నేరం ఒక్కటే: రత్నకుమారి కూతురు వర్షిణిని నవ్వించింది. పదహారేళ్ల ఆ పిల్ల ఇంట్లో "ఓకే", "ఐ నో", "లేటర్" అనే మాటలతోనే రోజంతా నెట్టుకొచ్చేస్తుంది. అదే కేంబ్రిడ్జ్‌లో మారిసోల్ నడిపే చిన్న తిండి కొట్టుకు శనాదివారాలు పనికి వెళ్లిందా, ఇక నోరు మూతపడదు.

మారిసోల్‌ది స్పానిష్ మాట్లాడే ఎల్ సాల్వడార్ దేశం. చిన్నప్పుడే టెక్సస్ చేరి, అక్కణ్ణుంచి ఇటు వచ్చింది. ఆమె మాట్లాడేది అచ్చంగా స్పానిషూ కాదు, ఇంగ్లీషూ కాదు. ట్రక్కు 'త్రోకా', లంచ్ 'లోంచే', బండి పార్క్ చేయడం 'పార్కేయార్'. ఏడాది తిరక్కుండా వర్షిణికి అదంతా పట్టుబడింది. కన్నతల్లికి ఒక్క తెలుగు వాక్యం దక్కలేదు గానీ, ఆ కొట్టావిడకు ఇంత భాష దక్కింది! కడుపు రగలదూ మరి?

"ఆ సంకర భాష నేర్చుకుని ఏం బావుకుంటుందండీ? హాయిగా హోంవర్క్ ఫినిష్ చేసుకుని రెస్ట్ తీసుకోవచ్చు కదా!" అంది భర్త అమరేశ్వరరావుతో.

"నువ్విప్పుడు మాట్లాడింది ఏం భాషంటావ్?" అన్నాడాయన నవ్వుతూ. ఆ పూట ఆయన చారులో ఉప్పు పడలేదు.

ఒకరోజు వర్షిణి ఫోన్‌లో మారిసోల్‌తో "తే యామో పాత్రాస్" అని పెట్టేసింది. రత్నకుమారి చటుక్కున అందుకుంది. "ఇంట్లో కాఫీ గ్లాసు తొలవవు, అక్కడ పాత్రలు తోముతానని మాటిస్తున్నావా?"

పిల్ల పడీ పడీ నవ్వింది. 'కాల్ యూ బ్యాక్' అన్న ఇంగ్లీషు మాటను ముక్కకు ముక్క స్పానిష్‌లోకి దింపుకున్నారట. మళ్లీ ఫోన్ చేస్తానని చెప్పడమట అది. నవ్వు ఆగకుండానే మారిసోల్‌కి ఫోన్ కలిపి ఈ పాత్రల సంగతి చెప్పేసింది. అవతల ఆవిడా నవ్వింది. తన అమాయకత్వం కూడా ఆవిడకే కానుకగా పోయిందని రత్నకుమారి ఏడుపుమొహం పెట్టుకుంది.

ఆ శనివారం వేర్‌హౌస్‌లో షిఫ్ట్ అయ్యాక కూతుర్ని తీసుకురావడానికి కొట్టుకు వెళ్లింది. ముందు ఎవరూ లేరు. వంటగది తెర వెనక ఫ్యాన్ హోరు, పెనం మీద చుయ్‌మనే చప్పుడు, ఇద్దరి నవ్వులూ కలగలిసి వినిపిస్తున్నాయి. వాటి మధ్య "మామీ! మామీ!" అన్న పిలుపు. రత్నకుమారి అక్కడే కొయ్యబారిపోయింది. మామీ అంటే అమ్మ అని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. తనను మాత్రం 'మామ్' అంటుంది, అదీ అవసరం పడితేనే. ఎంత గుండెకోత! ఇంట్లో ఉన్న అమ్మ చాలక, బయట ఇంకో అమ్మను వెతుక్కుంది పిల్ల.

"రేపట్నుంచి ఆ కొట్టు మానెయ్," అంది కారు ఎక్కగానే.

"వై?"

"ఎందుకేమిటే? అమ్మనింకా బతికే ఉన్నాను కనుక!"

వర్షిణికి ఏమీ అర్థం కాలేదు. అద్దం వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. మర్నాడు పనికి వెళ్లలేదు, గదిలోంచి బయటికీ రాలేదు.

మధ్యాహ్నం తలుపు తడితే రత్నకుమారే తీసింది. ఎదురుగా మారిసోల్, చేతిలో వేడి డబ్బా. లోపల చీజూ చిక్కుడుగింజలూ కూరి కాల్చిన మొక్కజొన్న రొట్టెలు. గొంతు విని వర్షిణి పరుగున వచ్చింది. మారిసోల్ ఆ పిల్ల వైపు చేయి చాచి, "మామీ, ఆర్ యూ సిక్? నీ లోంచే తెచ్చాను," అంది.

రత్నకుమారి నోరు వెళ్లబెట్టింది. యాభై దాటిన మనిషి పదహారేళ్ల పిల్లను పట్టుకుని అమ్మా అంటోందేమిటి?

"మీరా? మీరు దీన్ని మామీ అంటారా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"మా ఇళ్లల్లో ఆడపిల్లల్ని అలాగే పిలుస్తాం. మా అమ్మా నన్ను మామీ అనేది. ముద్దు, అంతే," అంది మారిసోల్ తన కలగాపులగపు మాటల్లో.

"లైక్ అమ్మలూ," అంది వర్షిణి నేల చూపులు చూస్తూ. "యూ యూజ్డ్ టు కాల్ మీ దట్, మామ్. దెన్ యూ స్టాప్డ్."

రత్నకుమారి మారిసోల్ చేతిలోని డబ్బా అందుకుంది. బళ్లో వేసిన కొత్తలో పిల్ల ఇంగ్లీషులో వెనకబడిందని టీచర్ అంటే, ఇంట్లో తెలుగు కట్టిపెట్టింది తనే. "వర్షిణీ, కమ్", "వర్షిణీ, ఈట్" అంటూ పెంచింది. కోపమొచ్చినప్పుడు తెలుగు తిరిగొచ్చేది గానీ, ఆ పిలుపు రాలేదు. పిల్లకు అది ఇంకా గుర్తుందని ఇవాళ్టిదాకా తెలియదు.

మారిసోల్ వెళ్లిపోయింది, వర్షిణి మళ్లీ గదిలోకి దూరింది. రత్నకుమారికి అసూయ తగ్గిందంటే అబద్ధమే, ఇంకా ఎక్కువైంది. తన నోట రావలసిన పిలుపును ఇంకొకరి నోట వినడానికి పిల్ల వారం వారం వెళ్లిందే! డబ్బా తెరిచి రొట్టెలు పళ్లెంలో సర్దింది. గది వైపు తిరిగి "వర్షిణీ" అనబోయి నాలుక కరుచుకుంది.

"అమ్మలూ," అని పిలిచింది చివరికి. "చల్లారిపోతోంది, లోంచే తిందువుగాని రా."

 ఎన్నాళ్లుగానో ఆ పిల్ల నోట వినపడని తెలుగులో లోపల్నుంచి జవాబొచ్చింది.

"ఆఁ, వస్తున్నా అమ్మా."